పొయ్యి వెలగని ఇల్లు

ఎనభైల్లో, నాకు పదహారేళ్లప్పుడు, మల్కాపురం నుంచి విద్యార్థుల మార్పిడి పథకం కింద ఏడాదిపాటు చదువుకోడానికి జర్మనీ వెళ్లాను. హెల్గా ఆంటీ, కార్ల్ అంకుల్ వాళ్లింట్లో పెట్టారు నన్ను.

మొదటి రోజు సాయంత్రం ఆంటీ బల్ల మీద కోసిన రొట్టె, వెన్న, జున్ను పెట్టి, మధ్యలో ఒక కొవ్వొత్తి వెలిగించింది. స్టవ్ మాత్రం ముట్టించలేదు. అంకుల్ తలొంచుకుని, మాటామంతీ లేకుండా తింటున్నాడు. మా వైపు పొయ్యి వెలగలేదంటే ఆ ఇంట్లో ఎవరో పోయినట్టే. పైగా దీపం కూడా పెట్టారాయె! చేతిలో రొట్టె పక్కన పెట్టి, వచ్చీరాని ఇంగ్లీషులో మెల్లగా అడిగాను: "ఎవరు పోయారు ఆంటీ?"

ఆవిడ తెల్లబోయింది. మా ఊరి పద్ధతి చెప్పాక, ఇక్కడ సాయంత్రాలు అందరూ చల్లటి తిండే తింటారని, కొవ్వొత్తి ఊరికే అందానికని ఒకటే నవ్వు. అంకుల్ నవ్వలేదు. లేచి స్టవ్ వెలిగించి, రెండు గుడ్లు వేయించి నా పళ్లెంలో వేశాడు.

"అందరం బతికే ఉన్నాం. తిను," అన్నాడు.

ఆ ఏడాదంతా రోజూ సాయంత్రం నా ఒక్కడి కోసం ఏదో ఒకటి వేడిగా చేసిపెట్టేవాడు.

ఇంటికొచ్చాక ఇదంతా చెబితే అమ్మ పడీపడీ నవ్వింది. మూడేళ్ల తర్వాత ఆంటీ ఉత్తరం రాసింది, అంకుల్ పోయాడని. అమ్మకి చదివి వినిపించాను. అప్పుడే ఎసరు పెట్టిన అమ్మ, గిన్నె దించేసి కిరసనాయిలు స్టవ్వు ఆర్పేసింది.

"ఏటమ్మా?" అన్నాను.

"మనింటి మనిసి పోతే పొయ్యెలిగిత్తామేట్రా? బేకరీకెల్లి రొట్టి అట్టుకురా."