ముల్లు ముప్పావు దగ్గరే

గురజాలలో నాకు ఆ పాత వ్యాను అమ్మిన ఆసామి నిజాయితీపరుడు. డబ్బు చేతికందాక అన్ని నిజాలూ చెప్పాడు.

"సార్, ట్యాంకులో సగానికి మించి డీజిల్ పోయించమాకండి. పై అతుకు కాడ కాస్త చెమ్మ దిగుద్ది."

"ఎంతుందో చూపించే ముల్లు పనిచేస్తుందా?"

"అది చానా ఏళ్లుగా ముప్పావు కాడే ఉంటంది సార్. చూస్తే మనకి ధైర్యంగా ఉంటది."

చెమ్మ అంటే ఏమిటో నరసరావుపేట చేరేలోపు తెలిసింది. సరదా కొద్దీ దారిలో ట్యాంకు నింపించాను. ఇంటి ముందు ఆపేసరికి మా వీధంతా పెట్రోలు బంకు వాసన.

ఎంత డీజిల్ ఉందో తెలియాలంటే బండిని రెండుసార్లు ఊపి, ట్యాంకుకు చెవి ఆనించి వినాలని కూడా ఆయనే చెప్పాడు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ద్రవాల పాఠం పదిహేనేళ్లుగా చెబుతున్నాను. అందుకని ఆ పద్ధతి నా చదువుకు తగినదే అనిపించింది. రోజూ పొద్దున్నే గేటు ముందు మోకాళ్ల మీద కూర్చుని వినేవాణ్ణి. ఎదురింటి పిన్నిగారు మొదటి వారం నవ్వింది. రెండో వారం మా ఆవిణ్ణి పక్కకు పిలిచి, నాకు ఒంట్లో బాగుంటోందా అని అడిగింది.

వ్యాను కొన్నది పెద్దమ్మ కోసమని అందరికీ చెప్పుకున్నాను. అందులో కొంత నిజం కూడా ఉంది. పెద్దమ్మ అంటే మా పెదనాన్న భార్య. బజార్లో నలభై ఏళ్లు నూనె కొట్టు నడిపిన మనిషి. మోకాళ్లు అరిగి బస్సు మెట్టెక్కలేక, కోటప్పకొండ స్వామిని చూసి ఆరేళ్లయింది. "ఒక్కసారి చూపించరా, మళ్లీ ఓపికుంటదో లేదో" అంటూ ఉండేది. వ్యాను మెట్టు తక్కువ ఎత్తులోనే ఉంటుంది. ఇక నాకు తప్పించుకునే దారి లేదు.

ఒక సోమవారం ట్యాంకు ఊపాను. గలగలమంది. తృప్తిగా బయల్దేరాం. మధ్యాహ్నం గుడి తలుపులు మూసేలోపు పైకి చేరాలి. ఘాట్ రోడ్డు రెండో మలుపులో ఇంజను ఒకసారి దగ్గి ఆగిపోయింది. ఇంజనుకు డీజిల్ ఎక్కించే చేతి పంపు నొక్కి నొక్కి స్టార్ట్ చేశాను. పది గజాలు కదిలి మళ్లీ ఆగింది. అలా నాలుగుసార్లు. గుడి మూయడానికి ఇంకో ముప్పావు గంట ఉంది.

"ఏందిరా ఆగింది?" అంది పెద్దమ్మ.

"ఎయిర్ లాక్ పెద్దమ్మా. పైపులో గాలి చేరింది."

"ముల్లు ముప్పావు చూపిస్తందిగా?"

"అదెప్పుడూ అంతే."

"మరి దాన్నెందుకు పెట్టారు?"

ద్రవ పీడనం గురించి కొంత చెప్పబోయాను. ఆమె వినలేదు.

"డీజిల్ పీల్చే గొట్టం ట్యాంకులో ముందుందా, ఎనకుందా?"

"ముందుంది."

"ఒరేయ్, మన కొట్లో డ్రమ్ము అడుగంటి పంపు గాలి పీలిస్తే నేనేం చేసేదాన్ని?"

"డ్రమ్ముకి అవతలి పక్కన కింద ఇటుక పెట్టేదానివి. నూనె పంపు దగ్గరికి చేరేది."

"ఇప్పుడు నీ బండి మూతి పైకుంది. ఉన్న కాస్తా ఎనక్కి జారింది. మూతి కిందికి తిప్పు. దీనికీ చదువు కావాలంట్రా?"

బ్రేకు వదిలి, వాలులోకి జారనిస్తూ బండిని వెనక్కి తిప్పాను. మూతి కిందికి రాగానే, పంపు నాలుగు నొక్కులు నొక్కితే ఇంజను బుద్ధిగా పలికింది. ఇక మిగిలిన కొండంతా రివర్సు గేరులో ఎక్కడమే. కొండ మీద కాపలా ఉండే మనిషి పరుగెత్తుకొచ్చాడు.

"ఏంది సార్, స్వామి కాడికి ఎనక్కి ఎనక్కి పోతన్నారు?"

పెద్దమ్మే కిటికీలోంచి జవాబు చెప్పింది. "ముందుకి పొమ్మంటే పోవట్లా నాయనా. నువ్వు ఎనక నిలబడి దారి చూపించు, పుణ్యముంటది."

అతను బండి వెనక నడుస్తూ "రానీ, రానీ, కుడికి తిప్పండి, అయ్యో నా కాలు సార్" అంటూ పైదాకా తోడొచ్చాడు. కిందికి దిగే కార్లవాళ్లు ఆగి ఫోన్లలో వీడియోలు తీశారు. వాళ్లలో ఒకడు మా కాలేజీ ప్రిన్సిపాలు గారి అల్లుడని మర్నాడు తెలిసింది. నేను మెడ వెనక్కి తిప్పి చెమటలు కక్కుతుంటే, పెద్దమ్మ ముందు అద్దంలోంచి కింది పొలాలు చూస్తూ "బస్సులో అయితే ఇట్టా కనపడేవి కావురా" అంది.

తలుపులు మూయడానికి ఐదు నిమిషాల ముందు ఆమెను గుడిలోకి నడిపించాను. చేతులు జోడించి తలుపులు మూసేదాకా నిలబడింది. పెదవులు కదులుతున్నాయి. బయటికొచ్చాక, ఆరేళ్ల తర్వాత ఏం కోరుకున్నావని అడిగాను.

"నీకు ట్యాంకు మార్చే బుద్ధి పుట్టించమని చెప్పానురా."

కొండ దిగేటప్పుడు బండి ఒక్కసారి కూడా ఆగలేదు. ఆ ఉత్సాహంలో ట్యాంకు సంగతి వాయిదా వేశాను. పెద్దమ్మ కార్తీకమాసంలో మళ్లీ తీసుకెళ్లమంది. స్వామి ఇంకా ఆలోచిస్తున్నట్టున్నాడు. ఈలోగా నేను రివర్సు ప్రాక్టీసు చేస్తున్నాను.