లేవని అడుగుజాడలు

విచిటా ఊళ్లో మా వీధి చివర ఉండే డెల్బర్ట్ హ్రుస్కా రోజూ పొద్దున్నే ఇంటిముందు పచ్చికలో పది అడుగులు వేసి, ఎవరో పిలిచినట్టు వెనక్కి తిరుగుతాడు. నడుం మీద చేతులు పెట్టుకుని తన అడుగుజాడల్నే చూస్తూ నిలబడతాడు. తొక్కిన గడ్డి మళ్లీ లేస్తే దానికి దాహం లేనట్టు. అలాగే పడుకుని ఉంటే, రంగు మారేలోగా వేళ్ల దాకా తడపాలి. పక్కింటివాళ్లు రోజూ పైపైన చిలకరిస్తుంటే, "అలాగైతే గడ్డి వేళ్లకి బద్ధకం పట్టుకుంటుంది" అని సణుగుతాడు. ఆ పచ్చికని ఇంకెవరూ తొక్కకూడదు. ఉత్తరాలు పంచే లనీటా అడ్డంగా నడిస్తే, "బాట కనపడదా అమ్మాయ్?" అని పదకొండేళ్లుగా అంటున్నాడు. ఎంత ఎండలోనూ ఆమెకి గ్లాసుడు నీళ్లిచ్చింది లేదు.

ఎండలు మండిపోయే జూలైలో ఆయన కాలు విరిగింది. అప్పటికి వాన పడి మూడు వారాలు. పచ్చిక దక్కుతుందో లేదోనని కిటికీ దగ్గర కూర్చున్న మనిషికి తిండి సయించలేదు. నాలుగో రోజు లనీటా బుద్ధిగా బాట మీద వస్తుంటే అద్దం తట్టి, "గడ్డి మీదుగా రా" అన్నాడు.

"జ్వరం కూడా వచ్చిందా పెద్దాయనా?"

"నడిచి, వెనక్కి తిరిగి చూసి చెప్పు."

ఆమె నడిచి, తిరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని చాలాసేపు చూసింది. "లేవట్లేదు" అంది మెల్లగా. కుళాయి తిప్పి, గొట్టంలోంచి ముందు తను కడుపునిండా తాగింది. తర్వాత గడ్డికి పెట్టింది. ఆయన కిటికీలోంచి గడ్డినే చూస్తూ కూర్చున్నాడు.

నీళ్లు పెట్టిన మూడో రోజుకి గడ్డి తేరుకుంది. ఇప్పుడు రోజూ ఆమే నడుస్తోంది. నిన్న ఉత్తరాలు తక్కువై సంచీ తేలిగ్గా ఉంది.

"ఆ కాస్త బరువుకి గడ్డి అణగనే అణగదు, దాని సంగతి ఏం తెలుస్తుంది?" అన్నాడు డెల్బర్ట్. "రేపు సంచీ నింపుకుని రా."