పగటిపూట పళ్ళ చప్పుడు

ఈ అరబ్బుల దేశంలో, ఎగైలాలో నేను పనిచేసే ఇంట్లో ఇద్దరు మామాలు. ఇంటి యజమానురాలు మామా. మతిమరుపు, వణుకుడు జబ్బుతో మంచం పట్టిన ఆమె తల్లి పెద్ద మామా. పెద్ద మామాను చూసుకోవడమే నా పని. మూడేళ్ళుగా స్నానం, జడ, మందులు, తిండి అన్నీ నా చేతుల మీదే.

పోయిన చలికాలంలో ఆమె పళ్ళు కొరకడం మొదలుపెట్టింది. పగలంతా కటకటమని చప్పుడు. నిద్రపోతే ఆగేది, మామా పై అంతస్తు నుంచి దిగి వచ్చేది ఆ వేళకే. లేచి నన్ను చూడగానే మళ్ళీ మొదలు. మా ఇంట్లో పళ్ళు కొరికేది నాన్న ఒక్కడే. ఆయన కొరికాడంటే అమ్మ మమ్మల్ని పెరట్లోకి తరిమేసేది. ఆ చప్పుడుకు నాకు తెలిసిన అర్థం అదొక్కటే. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఏం తప్పు చేశానా అని వెతుక్కున్నాను. నీళ్ళు వేడెక్కువయ్యాయేమో, జడ బిగించానేమో.

ఇదే దేశంలో, రిగ్గైలో పనిచేసే మా అక్కకు ఫోన్ చేశాను.

"పెద్దామెకు నీ మొకం సరిపడ్లేదు మే. మామాకు మాత్రం చెప్పాకు. తెలిసిందంటే ఖలాస్, ఇంగొకదాన్ని పిలిపిచ్చుకుంటారు. ఈ నెల్లోనే గదా నీ ఇఖామా కొత్తది చేసేది" అంది.

చెప్పలేదు. ఇక్కడ ఉండనిచ్చే ఆ ఇఖామా కాగితం వచ్చాక కూడా చెప్పలేదు. చప్పుడు మొదలైతే టీవీ సౌండ్ పెంచి, పక్క గదిలో బట్టలు మడతపెట్టుకునేదాన్ని. నా మొహం కనబడకపోతే కోపం తగ్గుతుందని నమ్మాను. ఎండలు ముదిరాక ఆమె అన్నం స్పూను చూస్తేనే తల తిప్పుకునేది. అదీ నా మీద కోపమే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆమె ఉమ్మేసిన పెరుగన్నంలో నెత్తురు, పన్ను ముక్క కనిపించాయి. మామాను కేకేశాను.

పళ్ళ డాక్టరు నోట్లో లైటు వేసి చూసింది. పళ్ళు సగానికి అరిగాయట, ఒకటి చీలి నరం బయటపడిందట.

"మెదడు జబ్బున్న కొందరికి మెలకువలో దవడ దానంతటదే బిగుసుకుంటుంది. నొప్పికే తిండి వద్దంటోంది. మొదలైనప్పుడు పక్కన కూర్చుని చెంప మీద చేయి వేసి చూడండి, కొందరికి ఆగుతుంది. ఎన్నాళ్ళ నుంచి కొరుకుతోంది?"

మామా నా వైపు చూసింది.

"రెండు రోజులు" అన్నాను.

రెండు రోజుల్లో పళ్ళు అంతలా అరగవని డాక్టరుకు తెలుసు. నన్ను ఒకసారి చూసి, తలవంచి రాసుకుంది. మామా మాత్రం, "మా అమ్మకు ఏమైనా అందరికంటే ముందు తెలిసేది ఈమెకే" అంది. నాకు సిగ్గు వేయాల్సింది. వేయలేదు.

ఆ పన్ను పీకేశారు. ఇప్పుడు చప్పుడు మొదలవగానే ఆమె చెంప మీద అరచేయి ఆనిస్తాను. కాసేపటికి దవడ వదులవుతుంది. మొదటిసారి ఆగినప్పుడు ఏడుస్తాననుకున్నాను, ఏడుపు రాలేదు. ఆమె నన్ను చూసింది. ఆ చూపులో కోపం లేదు. నేనెవరో తెలిసిన గుర్తూ లేదు.

నిన్న మామా గుమ్మంలో నిలబడి చూసి, "నీ చేయి తగిలితే చాలు, అమ్మకు హాయి" అంది.

ఔనన్నాను. చలికాలం నుంచి ఆ పన్ను విరిగేదాకా ఆ చేయి పక్క గదిలో బట్టలు మడతపెడుతూ ఉందని చెప్పలేదు.