కుడి రెక్క మీది నామం

కరోనా మూసివేతలు ముగిసిన మరుసటి సంవత్సరం. కోయంబత్తూరులో మా ఇంటి వెనక షెడ్డులో పంపులు పోతపోసే ఫౌండ్రీలకు ప్యాటర్న్‌లు, అంటే అచ్చు తీసే చెక్క నమూనాలు, చేస్తూనే, రేసు విమానాలు కట్టి ఇస్తున్నాను. రేడియోతో నడిపే చిన్న విమానాలివి. మూడు స్తంభాల చుట్టూ పోటీపడి తిప్పుతారు. దాన్ని పైలాన్ రేసింగ్ అంటారు. గ్రాము తగ్గించడానికి కూడా తంటాలు పడే పని.

రంగనాథన్ మా వీధివాడే, మిల్లులో ఫిట్టరు. అతనికి నేను కట్టిన విమానం మొదటి వారాల్లో బాగా ఎగిరింది. తర్వాత వేగం అందుకుని మలుపు తిరిగినప్పుడల్లా కుడి రెక్క తేనెటీగలా మోగడం మొదలైంది. రెక్క వెనక అంచున కదిలే పలకను ఏలెరాన్ అంటాం. గాలి వేగానికి అది తనంతట తానే కొట్టుకుంటే ఫ్లట్టర్. ముదిరితే రెక్క గాలిలోనే ఊడిపోతుంది. పలకను కదిలించే చిన్న మోటారును, అంటే సర్వోను మార్చాను. పలకను రెక్కకు తగిలించే బందులు కొత్తవి వేశాను. మోత తగ్గలేదు. ఎడమ రెక్కకు మాత్రం ఏ జబ్బూ లేదు.

ఆదివారం కారమడై దగ్గర పోటీ. శుక్రవారం రంగనాథన్ విమానాన్ని నా బల్ల మీద పెట్టి, నువ్వే ఉంచుకో అన్నాడు. అది ఎగరడం పెరుమాళ్ళకు ఇష్టం లేదనీ, ఆ వణుకు ఆయన హెచ్చరికేననీ, కొడుకు పోటీకి పోతే తాను అన్నం ముట్టననీ వాళ్ళమ్మ అలమేలమ్మ చెప్పిందట. మా కోవెల గోష్ఠిలో ఆళ్వార్ల పాశురాలకు ముందు గొంతెత్తేది ఆమే. ఆమె మాటను నేను తేలిగ్గా తీసుకోలేను. పెరుమాళ్ళు హెచ్చరించడని నేను అనను. కానీ ఒక్క కుడి రెక్కనే ఎందుకు హెచ్చరిస్తాడు?

రెండు ఏలెరాన్‌లూ ఊడదీసి, బందుల అంచును వేళ్ళ మధ్య వదులుగా పట్టుకున్నాను. ఎడమది నిదానంగా వాలింది. కుడిది దబ్బున పడింది. దాని వెనక అంచున తిరుమణి నామం ఉంది. ఎగరేయడానికి పోయే ముందు ప్రతిసారీ అలమేలమ్మ దిద్దేది, పాతదాని మీదే కొత్తది. ఆ తెల్లమన్ను పొరలు పొరలుగా గట్టిపడింది. నామం కదా, తుడవడానికి ఎవరికీ చెయ్యి రాలేదు, నాకు కూడా. వెనక అంచున బరువు చేరితే ఫ్లట్టర్ తొందరగా పుడుతుంది.

విమానం పట్టుకుని ఆమె ఇంటికి వెళ్ళి సంగతి చెప్పాను. ఆమె ముఖం చిన్నబోయింది.

"నా నామమే నా బిడ్డ విమానాన్ని విరిచేదని చెప్పను వస్తివా, తంబీ?"

"నామం కాదక్కా, అది ఉన్న చోటు. మనం పన్నెండు నామాలు పెట్టుకుంటాం గదా. నుదుట కేశవుడు, కడుపున నారాయణుడు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క చోటు."

ఆమె విమానాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "మనిషికైతే నుదురు తెలుసు. దీనికి ఏది నుదురో నీవు ఎప్పుడైనా చెప్పితివా? ఇన్ని కట్టినావు."

ముక్కు చూపించాను. విమానం సమంగా నిలవాలంటే అక్కడ బరువు కావాలి; నేనే లోపల సీసం పెడతాను. పాత నామాన్ని ఆమే తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను తులసి కుండీలో పిండింది. ముక్కు మీద కొత్తది దిద్దింది. అది ఆరాక, అంత బరువు సీసం గీకి తీసేశాను.

"సీసం పనికి పెరుమాళ్ళను పెడితివే," అని నవ్వింది. "సరి, పోయి రానీ."

ఆదివారం రంగనాథన్ రెండోవాడిగా వచ్చాడు. చివరి మలుపు దాకా కుడి రెక్క మోగలేదు. అలమేలమ్మ మైదానం అంచున గొడుగు కింద కూర్చుని పెరుగన్నం తింటోంది.

భక్తి మన పనికి అడ్డమొచ్చినట్టు కనబడితే, దాన్ని తోసెయ్యక సరైన చోటు చూపించాలని ఆ రోజు తెలిసింది. ఇప్పుడు ఏ విమానం ఇచ్చినా, ఇంట్లో పెద్దవాళ్ళు నామం పెట్టినా, విభూతి పెట్టినా, సిలువ గీసినా, ఇదిగో ఇక్కడ అని ముక్కు చూపిస్తాను. లోపల సీసం కొంచెం తక్కువే పెడతాను. మిగతా బరువు వాళ్ళు పెడతారు.