మూడు వారాల మెచ్చుకోలు

మా ఆవిడ ఆదివారం ఉదయాల్లో ఢిల్లీ, నోయిడా, గుడ్‌గావ్‌లలో ఉండే తెలుగు పిల్లలకు ఆన్‌లైన్‌లో సంగీతం నేర్పుతుంది. ఆ క్లాసులు నడిచే కంప్యూటర్ ఘాజియాబాద్‌లోని మా ఫ్లాట్‌లో, కిటికీ పక్కన బల్ల మీద ఉంటుంది. దాని మంచిచెడ్డలు చూసే బాధ్యత నాది. ఎవరూ అప్పగించలేదు, నేనే తీసుకున్నాను. ఆఫీసులో ప్రింటర్ మొరాయిస్తే నన్నే పిలుస్తారు కాబట్టి యంత్రాలు నా మాట వింటాయని నాకొక నమ్మకం.

ఒక శనివారం ఉదయం, ఆపరేటింగ్ సిస్టమ్ కొత్త వెర్షన్ సిద్ధంగా ఉందని తెర మీద కబురు వచ్చింది.

"రేపు క్లాసుందండీ. ఇప్పుడెందుకు?" అంది మా ఆవిడ.

"గంటలో అయిపోతుంది," అన్నాను.

నిజంగానే గంటలో అయిపోయింది. తెర అందంగా మారింది. ఆ రోజంతా ఇంట్లో కాస్త ఛాతీ విరుచుకునే తిరిగాను.

మర్నాడు పిల్లలు సరళీ స్వరాలు అందుకోగానే, వాళ్లందర్నీ ఎవరో నీళ్ల డ్రమ్ములోకి దించి మూత పెట్టినట్టు వినిపించింది. ప్రతి స్వరం వెనకా ఒక గుంయ్‌మనే మోత, మధ్యమధ్య పోపు వేసినట్టు చిటపటలు. మా ఆవిడ గొంతు మాత్రం వాళ్లకు శుభ్రంగా చేరుతోందట. తేడా అంతా మా స్పీకర్లలోనే. ఎవరి శ్రుతి ఎక్కడుందో ఆవిడకు అంతుపట్టలేదు. సరిగా వినకుండా పిల్లల్ని తప్పుపట్టడానికి మనసొప్పక, "బాగుంది, తర్వాతి వరుస," అంటూ గంట గడిపేసింది.

క్లాసు ముగిశాక నావైపు తిరిగింది. "గంటలో అయిపోతుందన్నారు," అంది. అంతే అంది.

ఆ వారమంతా ఆఫీసు నుంచి రాగానే కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ధ్వనిని నడిపే డ్రైవర్ అనే ప్రోగ్రామును తీసేసి మళ్లీ వేశాను. వైర్లు పీకి పెట్టాను. ఇంటర్నెట్‌లో ఎవరెవరో చెప్పిన చిట్కాలన్నీ ఒకదాని మీద ఒకటి ప్రయోగించాను. రెండో ఆదివారం పిల్లలు ఇంకా లోతుగా దిగిపోయారు.

స్పీకర్లను సంచిలో వేసుకుని మార్కెట్‌లోని రిపేరు దుకాణానికి వెళ్లాను. దుకాణదారు వాటిని తన ఫోనుకు తగిలించి ఒక పాట పెట్టాడు. దుకాణం మారుమోగింది. "సాబ్, యే తో ఏక్‌దమ్ ఠీక్ హై," అన్నాడు. వాటిలో ఏ లోపమూ లేదన్న ఆ మాట నేను నమ్మలేదు. కొత్త జత కొనుక్కొచ్చాను. మూడో ఆదివారం ఆ కొత్త జతలోంచి కూడా అదే డ్రమ్ము, అదే పోపు.

"పాపా, మైఁనే పహలే దిన్ హీ కహా థా, మేరా హెడ్‌సెట్ లగాకే దేఖ్ లో," అంది కాలేజీలో చదివే మా అమ్మాయి. తన హెడ్‌సెట్ తగిలించి చూడమని మొదటిరోజే అన్నమాట నిజమే. నేనే వినలేదు.

ఆ సాయంత్రం మా ఆవిడకు ఫోను వచ్చింది. ఆవిడ శిష్యుల్లో డెబ్బై దాటిన ఒక పెద్దాయన ఉన్నారు. కరీంనగర్ వైపు మనిషి. ఢిల్లీలో టెలిఫోన్ లైన్లు బాగుచేసే ఉద్యోగం చేసి రిటైరై, ఇప్పుడు పిల్లల మధ్య కూర్చుని సరళీ స్వరాలు నేర్చుకుంటున్నారు.

"టీచరమ్మా, మీ కంప్యూటర్ మంచిగున్నదా?" అని అడిగారు.

"ఎందుకండీ?"

"మూడు వారాలాయె, మీరు నన్ను ఒక్కపారి గూడ ఆపలే. బాగుంది, బాగుంది అంటున్నరు. నా పాట నాకెరుక గదమ్మా."

మా ఆవిడ నవ్వు ఆపుకోలేక విషయం చెప్పేసింది. శనివారం పొద్దున్నే ఆయన మెట్రో ఎక్కి మా ఇంటికి వచ్చారు.

"ఏమేం మార్చిన్రు సార్?" అని అడిగారు. వరసగా చెప్పాను. "అన్నీ ఒకటేపారి మార్చిన్రా?"

"దాదాపు."

ఆయన కుర్చీ లాక్కుని కంప్యూటర్ ముందు కూర్చున్నారు. తిట్టి ఉంటేనే నాకు సుఖంగా ఉండేది.

"లైన్ ఖరాబయితే ఒక్కొక్క తావు చూసుకుంట పోతం సార్. మంచిగున్నది పక్కకు పెడితే, ఖరాబైంది మిగుల్తది."

ముందు కంప్యూటర్‌లో దాచుకున్న ఒక పాట పెట్టించారు. అదీ డ్రమ్ములోంచే వచ్చింది. అంటే ఇంటర్నెట్‌ది తప్పు కాదు. మా అమ్మాయి హెడ్‌సెట్ తగిలించి అదే పాట పెడితే గంట కొట్టినట్టుంది. అంటే పాటలో లోపం లేదు. స్పీకర్లు ఫోనుకు కలిపితే అవీ బాగున్నాయి.

"ఇగ కంప్యూటర్ స్పీకర్‌కు పంపే కాడనే ఏదో ఉన్నది. అక్కడి సెట్టింగ్ తెరువున్రి."

తెరిచాను. స్పీకర్ల సెట్టింగుల అడుగున, ధ్వనిని ఇంకా మెరుగుపరుస్తానని చెప్పే ఒక మీట ఆన్ అయి ఉంది. నేను పెట్టలేదు, కొత్త వెర్షన్ తనంతట తానే పెట్టుకుంది. దాన్ని ఆపేశాను. డ్రమ్ము మూత తెరుచుకుంది. చిటపటలు కూడా పోయాయి. వంటింట్లోంచి మా ఆవిడ గరిటెతో సహా పరిగెత్తుకొచ్చింది.

"ఇన్నాళ్లూ పాడుచేసింది ఈ మెరుగేనా?" అంది. ఆ మాట మీటను ఉద్దేశించి అన్నదో నన్నో ఇప్పటికీ తేలలేదు.

ఆదివారం క్లాసులో ముందుగా పెద్దాయనే పాడారు. రెండో వరుసలోనే ఆవిడ ఆపింది.

"పంచమం దగ్గర జారుతున్నారండీ. మళ్లీ."

తెర మీద ఆయన ముఖం వెలిగిపోయింది. "గిప్పుడు మంచిగున్నది," అన్నారు. ఎన్నిసార్లు ఆపినా విసుక్కోకుండా పాడారు. ఎట్టకేలకు ఒక్కసారి స్వరం సరిగ్గా నిలిచింది.

పిల్లల సంగతి అలా లేదు. మూడు వారాల మెచ్చుకోలుకు అలవాటుపడినవాళ్లు మాటిమాటికీ ఆపుతుంటే మూతులు ముడుచుకున్నారు. "మొన్నటిదాకా మా పాప బాగా పాడింది కదా మేడమ్, ఇప్పుడేమైంది?" అని ఒక తల్లి మెసేజ్ పెట్టింది. మా ఆవిడ ఒక్కొక్క ఇంటికీ ఫోన్ చేసి, తను సరిగా వినలేకపోయానని క్షమాపణ చెప్పుకుంది. ఆ మూడు పాఠాలూ మళ్లీ మొదట్నుంచి చెప్పింది. పిల్లలకు బుజ్జగింపుగా నేను ఒక పెద్ద డబ్బా నిండా బిస్కెట్లు కొని ఇంటింటికీ తిరిగి పంచిపెట్టాల్సి వచ్చింది.

పెద్దాయన శనివారాలు ఇంకో గంట ఎక్కువ నేర్చుకుంటానని మా ఇంటికే వస్తున్నారు. ఆయన పాడుతున్నంతసేపూ నేను టీ కాస్తాను. పంచమం ఎక్కడుంటుందో నాకూ కొద్దికొద్దిగా తెలుస్తోంది.