మంచం సుట్టు నలుగురు

కూసో బిడ్డా. అట్ల సగం సగం గాదు, సక్కగ కూసొని ఇను. నేను సెప్పింది సెప్పినట్టు గా ఫోన్ల రాయి. నర్సు సదువుల జేరినవు గదా, నీకే అక్కరకొస్తది. మధ్యల నవ్వితివా, లేసిపోత.

మీ తాతకు పక్షవాతం వచ్చినప్పుడు మేడ్చల్ దిక్కు కాలేజీ దవాఖానల ఏసినం. శామీర్‌పేట సెరువుల వల ఇసిరిన కుడిసెయ్యి సచ్చువడ్డది. మూతి వంకరవోయింది. గుక్కెడు నీళ్ళు తాపినా పొలమారుతాంది. తిన్నది ఊపిరితిత్తులల్లకు వోతే పానానికే మోసమని ముక్కుల పైపు ఏసిన్రు. ఆయనకేమో నోటితోనే తినాల్నని పట్టు. పైపుల జావ వోస్తుంటే గోడ దిక్కు మొఖం తిప్పుకునేటోడు. గా పైపుతోనే ఇంటికి పంపుతరేమోనని నాకు ఒక్కటే పరేషాన్.

అది పిల్లలు సదువుకునే దవాఖాన. డాక్టర్ సదివే పిలగాడు వచ్చి, "ఎప్పటినుంచి అమ్మా ఇట్లా?" అంటడు. సెప్పిన. ఆయన పోంగనే నర్సు పిల్ల, "ఎప్పటినుంచి అమ్మా?" మల్ల సెప్పిన. కసరత్తు జేపిచ్చే పిలగాడు, మింగుడు సూసే పిల్ల, అందరిది గదే పాట. సెప్పి సెప్పి యాష్టకొచ్చింది. "ఇప్పుడే గా పిల్లకు సెప్పిన, ఆమెనడుగు నాయినా" అంటే, "ఆమెది వేరే కోర్సు అమ్మా" అన్నడు.

ఏరే కోర్సట! మొగుడైతే ఒక్కడే గదనే నాకు.

రోజు పగటి బువ్వ యాళ్లకు మింగుడు సూసే పిల్ల సెంచతోని సిక్కటి జావ తాపి సూసేది. ఆయన దగ్గేటోడు. "ఇంకా కాదమ్మా, పైపు ఉండాల్సిందే" అని పోయేది. నేను కొంగు నోట్ల కుక్కుకునేదాన్ని.

ఒకనాడు వాళ్ళ టీచరమ్మ వచ్చింది. నలుగురిని మంచం సుట్టు నిలవెట్టి, "ఈ అమ్మను ఒక్క మాట అడగొద్దు. మీకు తెలిసింది మీలో మీరు చెప్పుకోండి" అన్నది. నలుగురు మంచం పట్టె కాడికి రాంగనే మీ తాత ముద్ద ముద్దగ, "మోసుకపోనీకి... వచ్చిన్రా?" అన్నడు. అంత యాష్టల గూడ నాకు నవ్వాగలే. ఆ పిల్లలకు సమజ్ గాలే.

డాక్టర్ పిలగాడు సురువు జేసిండు, ఇగ ఆపడే! "నువ్వు కాసేపు విను" అన్నది టీచరమ్మ. అప్పుడు నర్సు పిల్ల మెల్లగ, "పొద్దున బాగానే కూర్చుంటాడు సార్, ఉమ్మి కూడా మింగుతాడు. మధ్యాహ్నానికే ఒరిగిపోతాడు" అన్నది.

"మధ్యాహ్నమా? నేను అప్పుడే కదా తాగించి చూసేది?" అన్నది మింగుడు పిల్ల.

కసరత్తు పిలగాడు తలకాయ గోక్కున్నడు. "దానికి ముందే నేను నిలబెట్టి అడుగులేయిస్తున్నా."

"అలసటా అది? దగ్గు చూసి జబ్బు తగ్గట్లేదనుకున్నా" అన్నడు డాక్టర్ పిలగాడు.

గంతే బిడ్డా. ఒక్కలు గూడ పని ఎగ్గొట్టలే. ఎవల పని ఆళ్ళు మంచిగనే జేసిన్రు. నడుమ ముసలోడు నలిగిండు.

తెల్లారి పొద్దుగాల్నే ముందుగాల కుర్సీల కూసోవెట్టి జావ తాపిన్రు, కసరత్తు పొద్దుగూకే యాళ్లకు మార్చిన్రు. ఆ పిల్ల గొంతు మీద ఏళ్ళు వెట్టి సూసింది. మింగిండు. దగ్గలే. నలుగురు ఊపిరి బిగవట్టుకోని సూస్తాంటే మీ తాత, "ఉప్పు లేదు" అన్నడు. పైపు జల్దీ తియ్యలేదు గని, కొన్నాళ్ళు సూసి తీసిన్రు.

శాపల పులుసు మాత్రం ఇంకా వద్దన్నరు. మూడు పూటల మెత్తగ మెదిపి, నిటారుగ కూసోవెట్టి తినిపియ్యాలె. నడుములు వోతున్నయి నాకు. అందుకే సెప్తున్న, రేపు నువ్వు వార్డుల నిలవడ్డప్పుడు పక్క కోర్సోళ్ళను ముందుగాల అడిగి—

ఆఁ? ఇన్నవా, తాత పిలుస్తాండు, "ఏమే, బువ్వ!" అని. ఏరేటోళ్ళు తినిపిస్తే నోరు తెరువడు. వస్తున్నయ్యా! నిటారుగ కూసో, ఒరగకు, నేనొచ్చేదాంక సెంచ ముట్ట—