ఇసుర్రాయి కొలత

ఆ పొద్దు జొన్నలు ఇసరబోతే రాయి తిరగలే. ముందుగాల రాయి మీదనే అనుమానపడ్డ. పిడి ఊడిందా అని చూసిన. పిడి మంచిగనే ఉన్నది, నా చేతులల్లనే జీవం లేదు. మాపటికి జ్వరం వచ్చింది, తెల్లారేసరికి పోయింది. గట్లనే నెల నడిచింది. దగ్గుల నెత్తురు పడ్డనాడు మా ఆయన తాండూరు బండల గనిల పని ఇడిచిపెట్టి, నన్ను రైలెక్కించి వికారాబాద్ తోలుకపోయిండు. పోలీస్ యాక్షన్ అయిన కొన్నేండ్లకు జరిగిన ముచ్చట ఇది.

కొండమీది దవాఖానల ఎక్స్‌రే తీసిండ్రు, స్పూటం అని తెమడ చూసిండ్రు, టీబీ అన్నరు. డాక్టరమ్మ నా ఒళ్లె ఉన్న బిడ్డ దిక్కు చూసింది. "పాలు ఇడిపియ్యి. స్పూటం నెగెటివ్ వచ్చేదాక, తెమడల రోగం లేదని తేలేదాక ఈ పిల్లను ముట్టుకోకు," అన్నది. దానికింక నడక గూడ రాలే. మా అత్తమ్మ దాన్ని సంకనేసుకొని మా ఊరు యాలాల్ తీస్కపోయింది. పాలు గడ్డకట్టి రొమ్ములు సలుపుతుంటె వార్డుల గోడదిక్కు తిరిగి ఏడ్చిన.

స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు పడ్డంక జ్వరం తగ్గింది, ఆకలి పుట్టింది. మా దిక్కు ఆడిదాని ఆరోగ్యానికి ఒక్కటే కొలత. ఇంటికి సాలేటి జొన్నలు ఇసిరితే బాగున్నట్టు, లేకుంటె లేనట్టు. నేనూ గదే పట్టుకున్న. డాక్టరమ్మ వద్దంటున్నా ఇంటికి పోయి రాయి ముందట కూసున్న. రాయి గిరగిర తిరిగింది. మా అత్తమ్మ సంబురపడి కోడిని కోస్తనన్నది. అప్పటికి నడక నేర్చిన నా బిడ్డ గుంజ పట్టుకొని నన్నే చూస్తున్నది. పిండి ఎత్తేలోపట దగ్గు తెర వచ్చింది. తెల్లటి పిండిల నెత్తురు పడ్డది. అత్తమ్మ పిల్లను గుంజుకొని బయటికి ఉరికింది.

మల్ల కొండెక్కిన. డాక్టరమ్మ తిట్టలే, దాంతోటి ఇంక భయమైంది. "నీ చేతులు బాగైనయి, ఊపిరితిత్తి బాగుకాలే. ఇగ నా కొలతలతోటి నడువు," అన్నది. ముందు వారం దినాలు సాయంత్రం జ్వరం రావొద్దు. అది దాటితె ఒక్క పౌను బరువు పెరగాలె. ఆ తర్వాత ఆయాసం లేకుంట వరండ చివరిదాక నడవాలె. ఆఖరికి స్పూటం మూడుమాట్లు వరుసగ నెగెటివ్ రావాలె. ఒకటి దాటంది ఇంకోదాన్ని తలువొద్దన్నది.

పక్క మంచం బాలమణి నన్ను చూసి నవ్వేది. పౌను పౌను ఏరుకుంట కూసుంటె ముసల్దానివైతవే అనేది. ఆమెకు ఒక్కటే పట్టు, తమ్ముని పెండ్లికి పోవాలె. పెండ్లి నెల వచ్చింది, ఆమె మంచం దిగలేకపోయింది. ఆ దినం సంది అన్నం ముట్టుడు బందు చేసింది. కొన్నొద్దులకు పానం ఇడిచింది, ఆమె పరుపు బయట ఎండల ఏసిండ్రు. నాకు ఏడుపు రాలే, దేవుని మీద మస్తు కోపం వచ్చింది.

నాకు వారం దినాలు జ్వరం రాలే. పౌను వచ్చింది, పోయింది, మల్ల వచ్చి నిలిచింది. వరండ చివరికి చేరిననాడు గోడ పట్టుకొని ఒక్కదాన్నే నవ్విన. రెండుమాట్లు నెగెటివ్ వచ్చినంక మల్ల పాజిటివ్ వచ్చింది. మొదటికెల్లి సురువు చేసిన. ఆఖరికి మూడుమాట్లు వరుసగ నెగెటివ్ వచ్చిననాడు డాక్టరమ్మ, "పో, నీ బిడ్డను ఎత్తుకో," అన్నది.

ఇంటికి పోతె బిడ్డ చెంబుల నీళ్లు తెచ్చి నేలమీద పెట్టి ఎనుకకు జరిగింది. లంగ అంచు ముక్కుకు అడ్డం పెట్టుకున్నది. అత్తమ్మ గట్ల నేర్పబట్టే పిల్ల బతికింది. ఆమెను ఏమనాలె? పిల్లను పిలిస్తె రాదని సమజైంది. ముందు గడపదాక రానిచ్చిన, కొన్ని నెలలకు మంచం కోడు దాక వచ్చింది.

ఇప్పుడు దానికి తొమ్మిదేండ్లు. నేను పొలం పనికి పోత, జొన్నలు ఇసురుత. రాత్రి నా పక్కనే పండుకొని బడి ముచ్చట్లు చెప్తది. ఒక్క కంచంల మాత్రం తినది. మిరపకాయల ఘాటుకు నేను దగ్గినా లేచి బయటికి పోతది.

ఈ రోగంతోటి ఉన్నోళ్లకు నేను చెప్పేది ఒక్కటే. నెగెటివ్ అన్న దినం ఇంటోళ్లను, పిల్లలను గూడ దవాఖానకు పిలిపియ్యుండ్రి, డాక్టరు నోటితోటే వాళ్లకు చెప్పియ్యుండ్రి. నా రోగం పోయిందని డాక్టరమ్మ నాకొక్కదానికే చెప్పింది. నా బిడ్డకు నేను చెప్పిన. అది నమ్మలే.